ఊరు దాటిన గుర్తులు

ఆశ్లేష కార్తెలో నల్లగొండ జిల్లాను చూసినవాళ్లు దాన్ని కరువు నేల అంటే నమ్మరు. చల్కా నేలలు తడిసి ముదురెరుపు తేలాయి. పత్తి మోకాలెత్తు లేచింది. బత్తాయి తోటల పాదుల్లో నీళ్లు నిలిచాయి. వాటి వెనక గుండ్రాళ్ల గుట్టలు, ఒకదాని మీద ఒకటి నిలబడి, ఇప్పుడో ఇంకాసేపటికో దొర్లేలా ఉంటాయి. దొర్లవు. మాది గోదావరి డెల్టా. మా వైపు నల్లరేగడి, వరి, కాలువ తప్ప పొలంలో రాయి అనేది కనపడదు. ఇక్కడ చేను నడుమ ఇల్లంత బండ ఉంటే రైతు దాని చుట్టూ సాలు తిప్పుకుని దున్నుకుంటాడు. బండ అడ్డమని ఎవరూ అనుకోరు. అదీ చేనులో భాగమే.

వానాకాలం పుట్టగొడుగుల కోసం బయల్దేరాను. అందులోనూ బొలీటు కనపడుతుందేమో చూడాలని ఆశ. మామూలు పుట్టగొడుగును తిరగేస్తే గొడుగు కింద పలచని రేకులు కాడ నుంచి అంచుదాకా బారులు తీరి ఉంటాయి. బొలీటుకు రేకులుండవు. వాటి స్థానంలో సన్నని రంధ్రాలతో స్పంజి ఉంటుంది. ఆ రంధ్రాలు గొట్టాల మూతులు, గొట్టాల లోపలి గోడల మీద సిద్ధబీజాలు పండుతాయి. ఇటలీవాళ్లు పోర్చినీ అని నెత్తిన పెట్టుకునేది ఈ కుటుంబంలోదే. అయితే ఈ కుటుంబంలో ఎక్కువ భాగం చెట్టు తోడు లేకుండా బతకదు. ఓక్, పైన్, మన దేశంలో సాల వృక్షం లాంటి కొన్ని జాతుల వేళ్లకు తొడుగులా అల్లుకుని, చెట్టుకు ఖనిజాలూ నీళ్లూ అందిస్తూ, దాని దగ్గర చక్కెర పుచ్చుకుంటుంది. బస్తర్‌లో తొలకరికి సాల చెట్ల కింద మట్టి తవ్వి తీసే బోడా కూడా ఈ వంశానికి దూరపు చుట్టమే. సంతలో దాని ధర మాంసం ధరను మించిపోతుంది. దక్షిణ తెలంగాణలో సాల అడవులు లేవు. టేకు, మద్ది, చిరుమాను, తునికి ఉన్నాయి. ఈ చెట్లు ఆ రకం పొత్తుకు రావు. కాబట్టి ఇక్కడ బొలీటు దొరకడం అరుదని తెలిసే బయల్దేరాను.

నేరుగా దేవరకొండ పోకుండా చండూరు మీదుగా మర్రిగూడ వైపు తిరిగాను. దారి పక్క ఇంట్లో నీళ్లడిగితే ఇంటావిడ చెంబు కడిగి, నల్లా తిప్పి, నింపి ఇచ్చింది. "ఇవి బోరునీళ్లు కావు సారూ, కృష్ణ నీళ్లు. మంచిగ తాగుండ్రి" అంది. నేను అడగలేదు, ఆమే చెప్పింది. ఆ మాట వెనక రెండు మూడు తరాల నడుము నొప్పి ఉంది. ఇంటి అరుగు మీద కూర్చున్న పెద్దాయన మోకాళ్లు రెండూ లోపలికి వంగి ఉన్నాయి. అది నీళ్లలోని ఫ్లోరైడు పని. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించి అది ఉండకూడదంటారు. ఇక్కడి బోరుబావుల్లో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. ఆ నీళ్లకు రంగు లేదు, వాసన లేదు, రుచిలో తేడా లేదు. తేటగా ఉన్న నీళ్లు మంచివన్న గుర్తును నమ్ముకుని తాగారు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును దింపే పద్ధతిని నాగపూర్‌లోని నీరీ సంస్థ రూపొందించింది. ప్రపంచమంతా దాన్ని 'నల్లగొండ టెక్నిక్' అంటారు. ఒక జిల్లా పేరు ప్రపంచ పాఠ్యపుస్తకాల్లోకి ఇలాంటి కారణంతో ఎక్కడం ఆ జిల్లావాళ్లకు ఏమంత సంతోషం కాదు.

విషం కంటికి తెలుస్తుందని నమ్మకపోవడం పుట్టగొడుగుల విషయంలోనూ మొదటి పాఠం. వెండి చెంచా నల్లబడితే విషమనీ, వెల్లుల్లి రంగు మారితే విషమనీ, పురుగు తిన్నది మనమూ తినొచ్చనీ మా వైపూ అంటారు, ఇక్కడా అన్నారు, యూరప్‌లోనూ అంటారట. మూడూ తప్పే. మనిషి కాలేయాన్ని కరిగించే విషం నత్తను ఏమీ చెయ్యదు.

దేవరకొండ దాటి డిండి చేరేసరికి రంగు మారింది. జలాశయం నిండుగా ఉంది. హాజీపూర్ దాటాక ఘాటు ఎక్కుతుంటే గాలిలో తేమ, ఆకు కుళ్లిన వాసన, అడపాదడపా కోతుల గుంపు. మన్ననూరు వచ్చింది. ఇక్కడి నుంచి అమ్రాబాదు పులుల అభయారణ్యం. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యంలో కృష్ణకు ఇవతలి భాగం ఇలా వేరైంది. మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెండార్ఫ్ 1940లో ఈ పీఠభూమి మీదే చెంచుల మధ్య ఉండి రాసిన పుస్తకం 1943లో వచ్చింది. గునపం పట్టుకుని గడ్డలు తవ్వుకునే మనుషుల గురించి అందులో చాలా ఉంది. ఆ గునపం ఇంకా పోలేదు.

అడవి లోపల ఏదీ ఏరే హక్కు నాకు లేదు. అందుకని ఊరి అంచున పట్టా చేన్లలోనే తిరిగాను. అటవీ శాఖలో పులుల కాపలాకు పోయే ఒక చెంచు యువకుడు వాళ్ల అవ్వ దగ్గరికి తీసుకుపోయాడు. మక్కచేను గట్టు మీద నడుమెత్తు పుట్ట. నాగుల పంచమికి పెట్టిన పసుపు కుంకుమ వానకు కారి ఒక పక్క చారలు కట్టాయి. ఇంకో పక్క, పుట్ట మొదట్లో, పది పన్నెండు గొడుగులు. అరచేతంత వెడల్పు, బూడిద కలిసిన తెలుపు, నడుమ మేకు తల లాంటి గట్టి మొన, ఆ మొన మాత్రం ముదురు గోధుమ రంగు.

నేను వంగి ఒకదాన్ని పట్టుకోబోతే అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

"గుంజకు బిడ్డా, తెగుతది. వేరు సూసినంకనే తియ్యాలె."

చిన్న గునపంతో కాడ చుట్టూ మట్టి లూజు చేసింది. కాడ నేలలోకి దిగిన చోట ఆగలేదు. సన్నబడుతూ, పైతోలు నల్లబడుతూ, మోచేతి పొడుగున పోయింది. చివర చిన్న గుహ. అందులో గోధుమ రంగు ముద్ద, మెదడు మడతల్లాగా, పట్టుకుంటే పిండి రాలేంత పెళుసు. దాని మీద ఆవగింజ కన్నా చిన్న తెల్లని చుక్కలు. కూలి చెదలు వెలుతురుకు బెదిరి అటూ ఇటూ పరుగెత్తాయి. అవ్వ నాకు చూపించినంతసేపు చూపించి, మట్టి మళ్లీ కప్పి, అరచేత్తో అదిమింది. "మల్లేటికి గావాలె గద" అంది.

ఆ గోధుమ రంగు ముద్ద చెదల పొలం. కొరికి తెచ్చిన ఎండుటాకు, పుల్ల సగం అరిగి బయటపడ్డాక దానితో ఈ ముద్ద కడతాయి. దాని మీద టెర్మిటోమైసిస్ అనే శిలీంధ్రాన్ని పెంచుతాయి. చెక్కలోని గట్టి పీచును శిలీంధ్రం మెత్తబరుస్తుంది, ఆ తెల్ల చుక్కలను చెదలు తింటాయి. సుమారు 3 కోట్ల ఏళ్ల కింద ఆఫ్రికాలో మొదలైన సేద్యం ఇది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రొజే ఎయిమ్ 1942లో దీనికి ఆ పేరు పెట్టాడు. జాంబియాలో దీని జాతి ఒకటి గొడుగు మీటరు వెడల్పుదాకా ఎదుగుతుంది. గొడుగు నడుమ ఉన్న మొన గట్టి మట్టిని పొడుచుకుని పైకి రావడానికే. ఉరుముకు పుట్ట పగిలి గొడుగు లేస్తుందని అవ్వ చెప్పింది. ఉరుముతో వచ్చే వాన మట్టిని మెత్తబరుస్తుంది కాబట్టి ఆమె లెక్క కాలానికి సరిగ్గానే సరిపోతుంది. తొలకరికి ఉసిళ్లు ఎగిరిపోయి కొత్త కాపురాలు పెడతాయి. వాటి మొదటి సంతానం మేతకు బయటికి వచ్చేసరికి ఈ గొడుగుల సిద్ధబీజాలు నేల మీద రాలి ఉంటాయి. కొత్త పొలానికి అవే విత్తనం.

తిరిగి వస్తుంటే పశువులు మేసే పచ్చిక మీద పెద్ద గొడుగులు కనిపించాయి, ఇంకా తెల్లగా, ఇంకా అందంగా, పైన గోధుమ రంగు పొలుసులతో. అవ్వ కాలితో పక్కకు నెట్టింది. "కుక్కగొడుగు."

"ఎట్ల తెలుస్తది అవ్వా?"

"పుట్ట లేదు, వేరు లేదు. పుట్ట లేకుంటే అది మనది గాదు."

నేను ఒకటి తిరగేశాను. ముదిరిన రేకులకు బూడిద కలిసిన ఆకుపచ్చ. క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్ అంటారు దీన్ని. ప్రపంచంలో ఎక్కువమందికి వాంతులు, విరేచనాలు తెప్పించే పుట్టగొడుగుల్లో ఇది ముందు వరసలో ఉంటుంది. సిద్ధబీజాలు ఆకుపచ్చ రంగులో రాలడం చాలా అరుదైన లక్షణం, దీనికి అదే గట్టి ఆనవాలు. అవ్వకు ఆ రంగుతో పని లేదు. నా లెక్క రేకుల రంగుతో మొదలైతే, ఆమె లెక్క చోటుతో మొదలైంది. ఇద్దరం ఒకే జవాబుకు వచ్చాం, ఆమె ముందు వచ్చింది.

మధ్యాహ్నం వాళ్లింట్లో జొన్నరొట్టె, పుట్టగొడుగుల కూర. వేరు మొదట్లో మట్టి గీకి, కత్తి పెట్టకుండా వేళ్లతో నిలువునా చీల్చి వేసింది. ఉల్లిగడ్డ, పచ్చిమిరప, ఉప్పు, చివర ఇంత నువ్వులపొడి. నీళ్లు పొయ్యలేదు, అవే ఊరాయి. కాడ నమిలితే నాటుకోడి పీచులా సాగింది, గొడుగు నోట్లో జారిపోయింది. నాకు వడ్డించి, మనవడికి వడ్డించి, తాను తర్వాత తింటానంది. మా వైపు అతిథికి రెండోసారి వడ్డించేటప్పుడు వద్దన్నా వింటారా! ఇక్కడ అడగరు. పళ్లెం ఖాళీ అయితే చెయ్యి వచ్చేస్తుంది.

తింటూ మా డెల్టా గురించి చెప్పాను. మా ఊళ్లో వరిగడ్డి కుళ్లిన చోట పుట్టగొడుగులు లేస్తాయి. పుట్ట ఉండదు, వేరు ఉండదు. చిన్నప్పుడు గుడ్డులా ఉంటుంది, పెరిగేటప్పుడు ఆ పెంకు చినిగి కాడ మొదట సంచిలా మిగిలిపోతుంది. ఆ సంచే మాకు గుర్తు. సంచి ఉంటే కూరకు పనికొస్తుంది. అవ్వ చాలాసేపు నవ్వింది. తమ గుర్తులు ఒక్కటీ లేనిదాన్ని ఇంకో ఊరివాళ్లు వండుకు తింటారన్న సంగతి ఆమెకు ముచ్చటగా తోచింది. నాకు మాత్రం ఆ సంచి దగ్గర నవ్వు రాదు. డెత్ క్యాప్ అనే పుట్టగొడుగుకు కూడా కాడ మొదట అచ్చం అలాంటి సంచే ఉంటుంది. యూరప్ ఓక్ అడవుల్లోది అది, మొక్కల వేళ్లు పట్టుకుని కాలిఫోర్నియాకూ ఆస్ట్రేలియాకూ చేరింది. ఆగ్నేయాసియా నుంచి అమెరికాకు వలస వెళ్లినవాళ్లు దాన్ని తమ ఊరి గడ్డి పుట్టగొడుగనుకుని వండుకున్న సంఘటనలు ఉన్నాయి. ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలో అలాగే వండుకు తిన్న ఇద్దరు 2012 జనవరిలో చనిపోయారు. తిన్నాక ఆరు నుంచి ఇరవై నాలుగు గంటలదాకా ఏమీ తెలియదు. తర్వాత వాంతులు, విరేచనాలు, ఒకరోజు తగ్గినట్టు తెరిపి, ఆ తర్వాత కాలేయం పోతుంది. ఎంత ఉడికించినా ఆ విషం పోదు. తేడా రేకుల కింద రాలే సిద్ధబీజాల పొడిలో ఉంది, గడ్డి పుట్టగొడుగుది గులాబీ రంగు, డెత్ క్యాప్‌ది తెలుపు. మన పిల్లలు ఇప్పుడు ఆ ఊళ్లలోనే ఇళ్లు కొనుక్కుంటున్నారు. పెరట్లో ఓక్ చెట్టు కింద తెల్లని గుడ్డు లేస్తే అమ్మమ్మ ఊరు గుర్తుకు రావడం సహజమే. వండుకోవడం మాత్రం వద్దు.

అచ్చంపేట దిగి నాగర్‌కర్నూలు మీదుగా కొల్లాపూర్ పోయేటప్పుడు దారంతా ఈ మాటే మనసులో తిరిగింది. ఒక గుర్తు అబద్ధం కాదు. అది పుట్టిన చోట, దాని చుట్టూ ఉన్న మిగతా గుర్తులతో కలిసి నిజం. అందులోంచి ఒక్కదాన్ని తెంపి సంచిలో వేసుకుని ఊరు దాటితే అది సగం నిజమే అవుతుంది.

కొల్లాపూర్ మామిడికి పేరుపడ్డ చోటు. కాయ అయిపోయి తోటలు నీడగా, చీకటిగా ఉన్నాయి. ఒక తోటలో చాయ్ తాగుతూ నా పని చెబితే రైతు లేచి, "మా తోటల ఒకటున్నది సారు, మనిషి తలకాయంత" అంటూ పాత చెట్టు కిందికి నడిచాడు. ఆకుల కింద మూడు గొడుగులు. పెద్దది రెండు జానల వెడల్పు. పైన కాఫీ గింజ రంగు, ముట్టుకుంటే మెత్తని తోలు. కాడ పొట్టిగా, మొదట ఉబ్బి ఉంది. తిరగేశాను. రేకులు లేవు. ఆకుపచ్చ కలిసిన పసుపు స్పంజి, రంధ్రాలు సూదిమొన అంత.

రైతు అనుమతితో ఒకటి తవ్వి తీసి వరసగా చూశాను. వేలితో స్పంజిని నొక్కితే నొక్కిన చోట నెమ్మదిగా నీలం పారింది. నిలువునా కోస్తే లోపల లేత పసుపు కండ, గొట్టాల పైవరసలో మాత్రం పలచని నీలం. పురుగు తొలచలేదు. కాడ మీద వల అల్లిక లేదు. పోర్చినీ కాడ పైభాగంలో తెల్లని వల ఉంటుంది, అది దానికి ముఖ్యమైన ఆనవాలు. నా చేతిలోదానికి కాడ మొదట సంచి లేదు, పైన కట్టు లేదు. చుట్టూ మామిడి తప్ప వేరే చెట్టు లేదు. రాత్రి సగం తెలుపు, సగం నలుపు ఉన్న కాగితం మీద గొడుగు ముక్కను బోర్లించి గిన్నె మూసి పెట్టాను. తెల్లారి తీస్తే ఆలివ్ గోధుమ రంగు పొడి, ముగ్గు చుక్కల్లాగా చుక్కలు చుక్కలుగా పడింది. మన్ననూరు గొడుగును ఇలాగే పెడితే లేత గులాబీ గీతలు పడ్డాయి. రేకులు గీతలు గీస్తాయి, రంధ్రాలు చుక్కలు పెడతాయి.

ఇన్ని లక్షణాలు కలిపితే ఇది బొలీటే. చెట్టు తోడు తప్పనిసరి కాని ఫ్లెబోపస్ అనే ప్రజాతి వైపు మొగ్గుతుంది. ఆసియా ఉష్ణమండలంలో తోటల్లో కనిపించే ఆ రకానికి, వేళ్ల మీద చేరే పిండినల్లికి పొత్తు ఉంటుంది. థాయిలాండ్‌లో ఇష్టంగా తింటారు. చైనాలోని యునాన్‌లో షెడ్లలో పెంచుతున్నారు. సాల చెట్టు లేని నేలలో బొలీటు ఎలా మొలిచిందన్న ప్రశ్నకు మామిడి తోట దగ్గరే జవాబు దొరికే వీలుంది. ఏ జాతో తేల్చాలంటే మాత్రం సిద్ధబీజాన్ని మైక్రోస్కోపు కింద కొలవాలి, డీఎన్‌ఏ చూడాలి.

నీలం సంగతి రైతు కొడుక్కి భయం వేసింది. "కోస్తే రంగు మారిందంటే విషమే కదా సార్?" అన్నాడు. కాదు. బొలీట్లలో పసుపు రంగు ఆమ్లాలుంటాయి, కోస్తే గాలిలోని ఆక్సిజన్ తగిలి నీలమవుతాయి, ఎంజైము ఆ పని జరిపిస్తుంది. కోసిన వంకాయ నల్లబడటానికీ దీనికీ వరస ఒకటే. నీలం తిరిగే బే బొలీటును పోలండ్‌లో బుట్టలకెత్తుకుంటారు. అలాగే నీలం తిరిగే, స్పంజి ఎర్రగా ఉండే సేటన్ బొలీటు తిన్నవాళ్లను ఆసుపత్రికి పంపుతుంది. నీలం తిరగకపోయినా కూరంతా చేదు చేసేవి ఉన్నాయి. 'ఎర్ర స్పంజి, నీలం మరక ఉంటే వదిలెయ్' అని యూరప్‌వాళ్లు పెట్టుకున్న సూత్రం అక్కడి అడవుల్లో చాలామందిని కాపాడి ఉంటుంది. కొల్లాపూర్ మామిడి తోట కోసం దాన్ని ఎవరూ రాయలేదు.

"మరి తినొచ్చా?" అని ఆ అబ్బాయి మళ్లీ అడిగాడు. అతని కళ్లలో హైదరాబాద్ ధర కనిపించింది. నేను జవాబు వెతుక్కునేలోపు తండ్రే అన్నాడు: "మా తాత తినలె, మా నాయిన తినలె. మనకెందుకురా." అవ్వ చెప్పినదాన్నే ఇంకో దారిలో చెప్పాడు. ఆ ఊళ్లో దాన్ని వండి, తిని, బతికి, పిల్లలకు నేర్పిన మనిషి లేడు. థాయిలాండ్ వంటింటి అనుభవం థాయిలాండ్ రకానికి వర్తిస్తుంది. దగ్గరి పోలిక ఉన్న ఇంకోదానికి వర్తిస్తుందో లేదో తినేవాడి కడుపు మీద తేల్చకూడదు. రైతు మిగతా రెండింటినీ అలాగే వదిలేసి, నా చేతిలో మామిడికాయ పచ్చడి సీసా పెట్టాడు. అది మాత్రం అన్ని ఊళ్లలోనూ తినదగిందే.

చివరి మజిలీ మహబూబ్‌నగర్ పిల్లలమర్రి. వందల ఏళ్ల మర్రి, ఊడలు దిగి మొదలేదో తెలియకుండా మూడెకరాలకు పాకింది. 2017 డిసెంబరులో దీన్ని జనానికి మూసేశారు. చెదలు తొలిచి కొమ్మలు కూలాయి. 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి, క్లోర్‌పైరిఫాస్ మందును నీళ్లలో కలిపి చుక్క చుక్కగా మానులోకి ఎక్కించారు. కొమ్మలకు సిమెంటు దిమ్మెలు ఆనించారు. చెదలన్నీ శిలీంధ్రాన్ని సాగు చెయ్యవు. ఈ చెట్టును తిన్నవి ఏ రకమో నాకు తెలియదు. కానీ మన్ననూరులో పసుపు కుంకుమ పెట్టి, మట్టి కప్పి కాపాడుకున్న వంశం మీదే ఇక్కడ సెలైన్ ఎక్కించి యుద్ధం చేశారు. రెండూ సరైన పనులే. చెద మంచిదా చెడ్డదా అని ఎవరైనా ఒక్కమాటలో అడిగితే ఈ ప్రాంతంవాడు ఎదురు ప్రశ్న వేస్తాడు: ఎక్కడ?

ఇంటికి వచ్చాక బంధువులు, స్నేహితులు ఫోన్‌లో ఫొటోలు పంపుతున్నారు, ఇది తినొచ్చా అని. నేను జవాబివ్వను, ప్రశ్నలు పంపుతాను. ఎక్కడ మొలిచింది? పక్కన ఏ చెట్టుంది? కింద రేకులా, స్పంజా? కాడ మొదలు తవ్వి చూశారా? రాత్రంతా కాగితం మీద పెడితే ఏ రంగు పొడి పడింది? ఆ ఊళ్లో దాన్ని తరాలుగా వండుకునేవాళ్లు ఉన్నారా? ఫొటోలో గొడుగు పైభాగం ఒక్కటే ఉంటుంది కాబట్టి వీటిలో ఒక్కదానికీ అందులో జవాబు ఉండదు. చాలామంది మూడో ప్రశ్న దగ్గరే విసుక్కుని ఫోన్ పక్కన పెడతారు. విసుక్కుని వండకుండా ఉంటే నాకు అదే చాలు.